నీడలోకి జరిగిన మీటరు

విమానాశ్రయంలో అతన్ని అందరూ జెండా బావ అనేవారు. నిజానికి అతను అక్కడ ఒక్కడికే బావ. సామాన్లు ఎక్కించే గుంపులో పనిచేసే చెల్లెలి భర్త రోజంతా "బావా, బావా" అంటుంటే విని విని, మిగతా పదకొండుమందీ అదే పిలుపు పట్టుకున్నారు. జెండా తర్వాత వచ్చింది. పంతొమ్మిదేళ్ళు విమానాల కడుపుల్లోకి పెట్టెలు ఎత్తీ ఎత్తీ నడుం పట్టేశాక, కంపెనీవాళ్ళు దయతలచి అతని చేతికి ఒక మీటరు, ఒక ఎర్రజెండా, ఒక రిజిస్టరు ఇచ్చారు. ఇక మీదట వంగే పని లేదని అతను సంతోషించాడు.

ఆ మీటరు మూడు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. నెత్తిన నల్లటి గుండు. మామూలు థర్మామీటరు చెప్పే అంకె కాదు అది చెప్పేది. ఎండ, ఉక్క, గాలి, కింద కాలే కాంక్రీటు అన్నీ కలిపి మనిషి ఒంటికి ఎంత తగులుతోందో చెబుతుంది. ముప్పై రెండు దాటితే జెండా ఎగరెయ్యాలి. జెండా ఎగిరితే గంటకు పదిహేను నిమిషాలు అందరూ పని ఆపి నీడకు పోవాలి, నీళ్ళు తాగాలి. కాగితం మీద చూస్తే ఎంత చక్కని నియమమో. కన్నతల్లి కూడా అంత శ్రద్ధగా రాయదు.

కాకపోతే దాని అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. విశ్రాంతి తీసుకున్న నిమిషాలు షిఫ్టు చివర కలుపుతారు. అంటే ఆరింటికి దిగాల్సినవాడు ఎర్రజెండా రోజున ఏడుంబావుకు దిగుతాడు. ఊళ్ళోకి పోయే కంపెనీ వ్యాను ఆరున్నరకు ఒకటి, మళ్ళీ ఎనిమిదిన్నరకే. నీడలో కూర్చున్న గంటంబావుకు మనిషి రెండు గంటల సాయంత్రం చెల్లించాలన్నమాట. ఇది రాసినవాడు చల్లటి గదిలో కూర్చుని రాశాడని వేరే చెప్పనక్కర్లేదు.

అందుకని, ఎవరి ప్రాణం కోసం జెండా ఎగురుతోందో వాళ్ళే దాన్ని తిట్టుకునేవారు. అతను జెండా స్తంభం దగ్గరకు నడుస్తుంటే చాలు, "వచ్చాడయ్యా యముడు" అని గొణిగేవారు. అతనికి చివుక్కుమనేది. నిన్నటిదాకా పక్కన నిలబడి పెట్టెలెత్తినవాళ్ళే కదా.

ఒక మధ్యాహ్నం విమానం రెక్క నీడలో అందరూ డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు అసలు మాట చెల్లెలి భర్తే ఎత్తాడు.

"మీటరు ఎండలోనే ఉండాలని ఏముంది బావా? కాస్త జరుపు. ఏడింటికల్లా నేను ఇంట్లో లేకపోతే మీ చెల్లెలు పాపని లోపల పెట్టి తాళం వేసి పోవాల్సొస్తోంది. రోజూ ఫోన్ చేసి వచ్చెయ్ వచ్చెయ్ అని ప్రాణం తీస్తోంది."

చెల్లెలిది ఆస్పత్రిలో గదులు తుడిచే పని. ఏడున్నరకు డ్యూటీ ఎక్కాలి. పాపకు నాలుగేళ్ళు. ఒకరు వచ్చాకే ఒకరు పోవాలన్నది ఆ ఇంటి లెక్క. ఎర్రజెండా ఎగిరిన ప్రతిరోజూ ఆ పిల్ల రెండు గంటలు తాళం వెనక ఒంటరిగా ఉండేది. మేనమామకు ఆ సంగతి తెలుసు. తెలిసీ జెండా ఎగరేస్తున్నందుకు తనని తానే తిట్టుకునేవాడు.

మర్నాడు మీటరును నాలుగడుగులు జరిపాడు. వారం తిరక్కుండా అది ప్రయాణికులు ఎక్కే వంతెన కింద, చక్కటి నీడలో సుఖంగా నిలబడింది. ఎండలో ముప్పై నాలుగు చూపించే మధ్యాహ్నం అక్కడ ఇరవై తొమ్మిది చూపించేది. అతను నీట్‌గా ఇరవై తొమ్మిది రాసి సంతకం పెట్టేవాడు. యముడు కాస్తా దేవుడయ్యాడు. పోటీలు పడి టీలు తెచ్చిచ్చారు. సూపర్‌వైజరు రోజుకు పదిసార్లు ఆ వంతెన కింద నుంచే నడిచేవాడు. మూడు కాళ్ళున్న వస్తువు అతనికి ఒక్కసారీ కనపడలేదు. విమానాలు టైముకు లేస్తుంటే ఎవరికి మాత్రం ఏం కనపడుతుంది?

పది నెలలు బాగానే గడిచాయి. చలి పోయి మళ్ళీ ఎండలు ముదిరిన రెండో వారంలో, మధ్యాహ్నం రెండింటికి, ఆలస్యంగా దిగిన విమానాన్ని ఆదరాబాదరాగా తిప్పి పంపే పని పడింది. ఆ రోజు లోపలి మనిషి చెల్లెలి భర్త. లోపలి మనిషంటే విమానం కడుపులోకి పాకి వెళ్ళి, బెల్టు మీద వచ్చే పెట్టెలను మోకాళ్ళ మీద కూర్చుని పేర్చేవాడు. నిలబడే ఎత్తుండదు. గాలి ఆడదు. చుట్టూ రేకు.

కాసేపటికి పెట్టెలు బెల్టు పైకొస దగ్గర పోగుపడ్డాయి. కింద ఉన్నవాడు అరిచినా లోపలినుంచి జవాబు లేదు. వంగలేని జెండా బావే అందరికంటే ముందు పాకి వెళ్ళాడు. చెల్లెలి భర్త ఒక పెద్ద పెట్టెను రెండు చేతులా పట్టుకుని దాని తాళం లాగుతున్నాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు. ముట్టుకుంటే పెనంలా కాలుతున్నాడు.

"తలుపు తియ్యి బావా," అన్నాడు. "పాప లోపల ఒక్కతే ఉంది."

కిందికి దించారు. తాగే నీళ్ళ క్యాను మొత్తం అతని మీద కుమ్మరించారు. ఐసు కోసం పరుగెత్తితే ప్రథమ చికిత్స పెట్టెలో బ్యాండేజీలూ, వడదెబ్బ తగిలితే ఏం చెయ్యాలో చెప్పే పోస్టరూ దొరికాయి. పోస్టరులో మొదటి మాట ఐసు పెట్టమనే. అంబులెన్సు గేటు దాకా వచ్చి, లోపలికి పాసు రాసేవరకు ఇరవై నిమిషాలు అక్కడే ఆగింది.

ప్రాణం నిలిచింది. పంతొమ్మిది రోజుల తర్వాత ఇంటికొచ్చిన మనిషి మాత్రం వేరు. గోడ పట్టుకోకుండా నడవలేడు. చెంచా నోటిదాకా పోదు. మాటలు ముద్దముద్దగా వస్తాయి, ఆ రోజు సంగతి ఒక్క ముక్క గుర్తు లేదు. వేడి మెదడు దాకా పోయిందని, ఇంతకంటే పెద్దగా మారదని డాక్టరు చెప్పాడు.

విచారణకు భద్రతాధికారి వచ్చాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. రిజిస్టరు తెరిచి, రెండు గంటలకు ఇరవై తొమ్మిది ఉంది కాబట్టి ఇది వడదెబ్బ కాదు, సొంత జబ్బు, కంపెనీకి సంబంధం లేదని చెల్లెలికి మెత్తగా చెప్పాడు. పనిలో తగిలిన దెబ్బ అని రాస్తేనే జీవితాంతం వైద్యం. సొంత జబ్బయితే ఆ వారంతో సరి.

గుంపు జెండా బావ చుట్టూ చేరింది. నోరు విప్పావా, అందరి నోట్లో మట్టి కొట్టినవాడివవుతావు అంది. మూడు రోజులు అతనికి అన్నం సయించలేదు. నిజం చెబితే తన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే చెల్లెలి సంసారం మునుగుతుంది. నాలుగో రోజు పొద్దున్నే అధికారి బల్ల ముందు నిలబడ్డాడు.

"ఆ అంకె నీడది సార్. ఎండలో ఉండాల్సిన మీటరు నేనే నీడలో పెట్టాను."

ఎందుకు పెట్టాడో కూడా చెప్పబోయాడు. షిఫ్టు చివర కలిపే నిమిషాల గురించి, వ్యాను గురించి. అది విచారణ పరిధిలోకి రాదని అధికారి కలం మూత పెట్టేశాడు. నిన్ను ఎవరైనా అడిగారా అన్నప్పుడు అతను గుంపంతా అన్నాడు. గుంపును ఒక్కొక్కణ్ణే పిలిచారు. పదకొండుమందికీ మీటరంటే ఏమిటో కూడా తెలియదట.

తీర్పు వచ్చింది. కంపెనీ మీటరు కొన్నది, జెండా కొన్నది, రిజిస్టరు కొన్నది. ఏర్పాట్లలో లోపం లేదు. ఒక ఉద్యోగి తన ఇష్టానుసారం వేడిని దాచిపెట్టాడు. అతన్ని తొలగించడమైనది. గాయపడిన వ్యక్తి వైద్యం కంపెనీ భరించును. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మీటరును ఎండలో గొలుసుతో కట్టేశారు. జెండా రోజూ ఎగురుతోంది. నిమిషాలు ఇప్పటికీ షిఫ్టు చివరే కలుస్తున్నాయి, కొత్త జెండా మనిషిని గుంపు తిడుతూనే ఉంది.

తీర్పు కాగితం నకలు చెల్లెలికీ అందింది. ఆ ఆదివారం అతను వెళ్ళేసరికి ఆమె కిటికీ పక్కన కుర్చీలో భర్తను కూర్చోబెట్టి అన్నం తినిపిస్తోంది. డ్యూటీ మానేసి నెలయింది. పాప నేల మీద బొమ్మలు గీస్తోంది. కూర్చో అనలేదు. భర్త మూతి తుడిచి, గిన్నె కింద పెట్టి, అన్నను నిలువునా చూసింది.

"నీ అంతట నువ్వే అంత పని చేశావంటే నేను నమ్మను అన్నయ్యా. ఎవరడిగారు? ఈయనేనా?"

అవునంటే సగం బరువు దిగిపోతుంది. కానీ చెల్లెలు తెలివైనది. ఆయన ఎందుకు అడిగాడని వెంటనే ఆలోచిస్తుంది. ఏడింటికల్లా వచ్చెయ్యమని రోజూ ఫోన్ చేసిందెవరో మరుక్షణం ఆమెకే తడుతుంది. ఈ కుర్చీ ముందు కూర్చుని బతుకంతా ఆ ఫోన్లు లెక్కపెట్టుకుంటుంది.

"అతనికి తెలియను కూడా తెలియదు," అన్నాడు. "జెండా ఎగరేస్తే అందరూ తిడుతున్నారని నేనే జరిపాను. వాళ్ళు నాకు టీలు తెచ్చిచ్చేవాళ్ళు."

ఆమె గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని భర్త నోటికి ఇంకో ముద్ద అందించింది. కళ్ళలో నీళ్ళు రాలేదు.

"టీల కోసం," అంది చివరికి. "ఇంక నా గుమ్మం తొక్కకు అన్నయ్యా. పాపకి మేనమామ లేడనుకుంటాను."

అతను సరేనని చెప్పులు వేసుకున్నాడు.