వీరభద్రయ్య నమ్మిన నీళ్ళ మరక

వన్ టౌన్‌లో నలభై ఏళ్ళు చీరల కొట్టు నడిపిన వీరభద్రయ్య, అరవై రెండో ఏట కొట్టు తమ్ముడికి అప్పగించి పడవ కొన్నాడు. వాళ్ళ తాత బట్టల మూటలతో కాలవల మీదే మద్రాసు దాకా వెళ్ళేవాడట. మనవడు మూటా ముల్లే లేకుండా ఉత్త సరదాకి వెళ్ళదలిచాడు. ముందు బందరు, అది కలిసొస్తే మద్రాసు.

పక్కన భార్య చౌడేశ్వరి కూర్చోవాలన్నది అసలు కోరిక. పెళ్ళయిన ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆమెని తిప్పిన ఊళ్ళన్నీ సరుకు కొనడానికి తిప్పినవే. అది తలుచుకుంటే ఆయనకిప్పుడు సిగ్గేస్తోంది.

"ఊళ్ళో మురుగంతా కలిసే కాలవలో షికారేంటండీ? మీరు తేలండి. నేను ఆటోలో క్యారేజీ పట్టుకొస్తా" అనేసింది చౌడేశ్వరి.

మే నెలలో కాలవ ఎండిపోయినప్పుడు వీరభద్రయ్య స్కూటర్ మీద బందరు దాకా తిరిగి, ప్రతి వంతెన ఎత్తూ కొలిచాడు. స్తంభాల మీద పోయినేటి నీళ్ళ మరక ఉంటుంది కదా, అక్కణ్ణుంచి పైకి కొలిచాడు. మరకని పోల్చడంలో బట్టల వ్యాపారిని మించినవాడు లేడని ఆయన ధీమా. అన్నిట్లోకీ పొట్టిది ఉయ్యూరు దాటాక వచ్చే ఓ నడక వంతెన. దానికి నాలుగు వేళ్ళు తగ్గించి పడవకి ఇనుప పైపులతో పైకప్పు వెల్డింగ్ చేయించాడు.

పోయినేడు వానల్లేక కాలవకి సగం నీళ్ళే వదిలారని ఆ మహానుభావుడికి తట్టలేదు. ఈ ఏడు కృష్ణమ్మ పొంగింది. ఆగస్టులో, లాకులు అడ్డొచ్చినచోటల్లా పడవని ట్రాక్టరెక్కించి, గుర్రపుడెక్క చీల్చుకుంటూ ఆయన ఆ వంతెన దాకా వచ్చాడు. పైకప్పు ఠంగుమని తగిలింది. రెండు వేళ్ళు తేడా.

వంతెన మీద ఊరు ఊరంతా చేరింది. ముందు వరసలో క్యారేజీతో చౌడేశ్వరి.

రేవులో బట్టలుతుకుతున్న అమలమ్మ తలెత్తి చూసింది. "బరువెక్కితే పడవ దిగుద్ది గదండీ. ఓ నలుగుర్ని ఎక్కించుకోండి" అంది.

నవ్వడానికొచ్చినవాళ్ళలోంచే నలుగురు ఎక్కారు. పడవ దిగింది గానీ ఇంకా వెంట్రుకవాసి తగులుతోంది. ఒక్క మనిషికి చోటుంది. వీరభద్రయ్య భార్య వైపు చూశాడు. ఆమె బరువు మాటెత్తి బతికి బట్టకట్టినవాడు ఆ ఇంట్లో లేడు.

"చౌడేశ్వరీ, ఆ క్యారేజీ ఇటివ్వు" అన్నాడు.

"క్యారేజీ బరువు చాలదులెండి" అంటూ ఆమే రేవులోకి దిగొచ్చి, పైపు పట్టుకుని పడవెక్కింది.

పైకప్పు రంగు కాస్త గీరుకుపోయింది గానీ పడవ అవతల తేలింది. నలుగురూ దిగి, ఇదంతా తమ చలవేనన్నట్టు గట్టు మీద నిలబడ్డారు. చౌడేశ్వరి మాత్రం పైపు వదల్లేదు.

"దిగుతావా?" అన్నాడాయన.

"ముందు ఇంకా ఇట్టాంటి వంతెనలున్నాయా?"

"ఉన్నాయి. చాలా."

అబద్ధం. అక్కణ్ణుంచి బందరు దాకా అన్నీ ఎత్తైనవే. మే నెలలో స్కూటర్ వెనక కూర్చుని, ఆయన చెబుతుంటే ఆ కొలతలన్నీ రాసుకున్నది చౌడేశ్వరే.

"అయితే దిగి ఏం లాభంలెండి" అని, ఆమె ఆటోవాణ్ణి వెళ్ళిపొమ్మని చెయ్యూపింది.