తేల్ పూరా, పానీ పూరా

మే నెలలో ఢిల్లీ కంటోన్మెంట్‌లో రిపోర్ట్ చేశాను. మధ్యాహ్నం రెండు గంటలు. చేతిలో ట్రంకు పెట్టె, భుజాన కిట్ బ్యాగ్, ఎదురుగా లూ అనే వడగాలి. ఆ గాలి గురించి మా ఊరు గిద్దలూరులో చెబితే "మాకు తెలియని ఎండా?" అంటారు. ఎండ వేరు. ఇది ఎవరో ఇటుకబట్టీ తలుపు తీసి వేసేయడం మర్చిపోయినట్టు ఉంటుంది.

బళ్ళు నిలిపే ఆవరణను మేం ఎం.టి. పార్క్ అంటాం. దాని ఇనుపగేటు తెరవగానే కీచుమంది. పళ్ళు జివ్వుమన్నాయి. చూస్తే గేటు బందుల నిండా గోధుమరంగు జిడ్డు దట్టంగా పూసి ఉంది.

"రోజూ ఆయిల్ రాస్తున్నాం. అయినా అరుస్తుంది. దాని ఖర్మ," అన్నాడు సెంట్రీ.

నేను గేటు బాగుచేయడానికి రాలేదు కదా అనుకుని లోపలికి నడిచాను.

నేను వెహికల్ మెకానిక్‌ని. ర్యాంకు నాయక్. సైన్యం అనగానే మీకు తుపాకులు గుర్తొస్తాయి. నా సర్వీసులో సగం ఇంజన్ల కింద వెల్లకిలా పడుకునే గడిచింది. అంతకుముందు మంచుకొండల్లో లారీలు చూశాను. ఇక్కడ నాకు అప్పగించింది ఒక పాత డీజిల్ ట్రాక్టర్. మూడు సిలిండర్లు. ప్రతి ఇన్‌స్పెక్షన్‌కూ ఒక పూత చొప్పున దానికి ఎన్ని రంగులేశారో తెలియదు. ఆ పెయింటే దాన్ని ఊడిపోకుండా పట్టి ఉంచుతోందని నా అనుమానం. నీళ్ళ ట్యాంకర్ లాగి, పరేడ్ గ్రౌండ్ మీద దుమ్ము లేవకుండా తడపడం దాని డ్యూటీ.

ఉదయం ఆరింటికి ఫస్ట్ పరేడ్. ప్రతి డ్రైవరూ తన బండిలో ఆయిలు, నీళ్ళు, టైర్లలో గాలి చూసుకుని, అటెన్షన్‌లో నిలబడి గట్టిగా రిపోర్ట్ ఇవ్వాలి. ట్రాక్టర్ డ్రైవర్‌ది రోహ్‌తక్ దగ్గర పల్లె. ఆరడుగుల మనిషి. గొంతు ఇంకా పొడవు.

"తేల్ పూరా! పానీ పూరా! సబ్ ఠీక్, శ్రీమాన్!"

ఆయిల్ నిండుగా ఉంది, నీళ్ళు నిండుగా ఉన్నాయి, అంతా బాగుంది అని. ఆ కేకకు వేపచెట్టు మీద చిలకలు లేచిపోయేవి.

"చూశావా మద్రాసీ, డిసిప్లిన్?" అన్నారు మా వర్క్‌షాప్ ఇన్‌చార్జ్ సుబేదార్ సాబ్.

"ఆంధ్రా, సాబ్."

"హా హా, అదే. ఆంధ్రావాలా మద్రాసీ."

ఇక నా సంగతి. అప్పటికి నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఒకసారి లీవు రద్దయింది. ఇంకోసారి లీవు దొరికింది కానీ మంచు పడి దారి మూసుకుపోయింది. పెళ్ళిచూపుల్లో పిల్ల కూర్చుంది, పిల్లాడు లేడు. మూడో సంబంధం కంటోన్మెంట్ పక్కనున్న ద్వారకలో దొరికింది. వాళ్ళది ఒంగోలు వైపు, ఢిల్లీలో స్థిరపడిన కుటుంబం. ఆదివారం పదకొండింటికి రమ్మన్నారు.

"పిల్ల నీ గుమ్మం ముందే ఉంది రా," అంది అమ్మ ఫోన్లో. "ఇదీ పోగొట్టావనుకో, ఇంక నీ బళ్ళల్లో ఒకదానికి తాళి కట్టుకో పో."

ఫొటో పంపింది. చూశాను. నచ్చింది. చాలా నచ్చింది. దాన్ని రోజుకు ఎన్నిసార్లు చూసేవాణ్ణో మా బ్యారక్‌లో అందరికీ తెలుసు, మీకు చెప్పను.

ఆ ఆదివారం ఇంకా ఆరు రోజులుందనగా, సోమవారం గ్రౌండ్ నుంచి వాకీటాకీ గరగరలాడింది. డ్రైవర్ గొంతు.

"వర్క్‌షాప్, ట్రాక్టర్ ఆగిపోయింది. తెల్లపొగ వస్తోంది. ఓవర్."

"ఆయిల్ చూశావా? ఓవర్."

"తేల్ పూరా. ఓవర్."

"నీళ్ళు?"

"పానీ పూరా. సబ్ ఠీక్. ఓవర్."

"అంతా ఠీక్ అయితే ఎందుకు ఆగిందయ్యా?"

మళ్ళీ గరగర. తర్వాత, "వో పతా నహీ. ఓవర్." అది మాత్రం తెలియదట.

వెళ్ళి ఆయిల్ గేజి కడ్డీ బయటికి లాగాను. నడిచిన డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగా ఉండాలి. ఇది పాలు ఎక్కువైన కాఫీలా ఉంది. చిక్కగా, గోధుమరంగులో, పైన నురగతో. అంటే రేడియేటర్లో ఉండాల్సిన నీళ్ళు వచ్చి ఆయిల్లో కలుస్తున్నాయి. ఆ కాఫీతో ఇంజన్ ఎక్కువ రోజులు బతకదు.

"హెడ్ గ్యాస్కెట్. ఇంకేముంటుంది?" అన్నారు సుబేదార్ సాబ్. ఇంజన్ పైమూత హెడ్, దాని కింద నీళ్ళనూ ఆయిల్నూ విడిగా ఉంచే పలచటి పొర గ్యాస్కెట్. నేనూ అదే అనుకున్నాను.

మేజర్ సాబ్ పిలిపించారు. వచ్చే సోమవారం జనరల్ సాబ్ ఇన్‌స్పెక్షన్. గ్రౌండ్‌లో దుమ్ము లేవకూడదు. ఇంకో ట్రాక్టర్ లేదు. "ఇది నడిచేదాకా వర్క్‌షాప్‌లో ఎవరికీ బయటికెళ్ళే ఔట్‌పాస్ లేదు," అన్నారు. ద్వారక అక్కడికి కూతవేటు దూరం. ఔట్‌పాస్ లేకపోతే గిద్దలూరు ఎంత దూరమో అదీ అంతే.

హెడ్ దించాం. గ్యాస్కెట్ మార్చాం. కొత్త ఆయిల్ పోశాం. బుధవారం సాయంత్రానికి ఇంజన్ గుర్రుమంది. గురువారం ఫస్ట్ పరేడ్‌లో "తేల్ పూరా, పానీ పూరా" అన్న కేకకు చిలకలు లేచిపోయాయి. కడ్డీ లాగాను. కాఫీ.

సుబేదార్ సాబ్ టోపీ తీసి బానెట్ మీద పెట్టారు. "ఇంజన్ బ్లాకే పగిలింది. ఇది స్క్రాప్, మద్రాసీ."

ఆంధ్రా అని దిద్దే ఓపిక కూడా నాకు లేకపోయింది. ఏడుపొచ్చింది. ట్రాక్టర్ కోసం కాదు.

కానీ ఒకటి పొసగడం లేదు. నీళ్ళు ఆయిల్లోకి పోతుంటే రేడియేటర్లో తగ్గాలి. రోజూ పూరా ఎలా ఉంటుంది? డ్రైవర్ని అడిగాను.

"తగ్గుతాయి కదా," అన్నాడు. "మొదట్లో గ్లాసుడు పోసేవాణ్ణి. ఇప్పుడు మగ్గుడు. పోశాకే రిపోర్ట్ ఇస్తా."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"ఏం చెప్పాలి భాయ్? ఢిల్లీ ఎండలు. నువ్వు తాగడం లేదా నీళ్ళు?"

"ఆయిల్ సంగతి?"

ఛాతీ విరిచాడు. "నేనొచ్చాక ఒక్క చుక్క పోయలేదు. వేరే బళ్ళు ఆయిల్ తాగుతాయి. ఇది ఇస్తుంది! పొద్దున్నే కడ్డీ మీది గీత దాటి పైకొచ్చి ఉంటుంది. ఎక్కువైంది తీసేస్తా."

"తీసి ఏం చేస్తావు?"

"పారేస్తామా? గేటుకు రాస్తా."

సరిగ్గా అప్పుడే ఎవరో లోపలికొచ్చారు. గేటు కీచుమంది. సుబేదార్ సాబ్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్ళూ ఆ గేటుకు రేడియేటర్ నీళ్ళు పూస్తున్నాం.

అతని మాటలోనే జవాబు దొరికింది. రాత్రంతా ఇంజన్ ఆగి ఉన్నా, తెల్లారేసరికి ఆయిల్ గీత దాటుతోంది. అంటే నీళ్ళు వాటంతటవే కిందికి జారుతున్నాయి. ఈ ఇంజన్లో ప్రతి సిలిండర్‌కూ లైనర్ అని ఒక ఇనుప గొట్టం ఉంటుంది. దాని చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళు కింద ఉన్న ఆయిల్లోకి దిగకుండా లైనర్ అడుగున రబ్బరు రింగులు ఆపుతాయి. నా అనుమానం ఆ రబ్బర్ల మీదికి పోయింది.

శుక్రవారం ఇంజన్ కింద ఆయిల్ ఉండే ఛాంబర్ విప్పేశాం. రేడియేటర్ మూతకు ట్యూబు వాల్వు బిగించి సైకిల్ పంపు తగిలించాం. గాలి ఒత్తిడికి నీళ్ళు ఎక్కడ కారుతాయో చూడాలి. పంపు కొట్టే పని డ్రైవర్‌ది. నేను టార్చితో కింద పడుకున్నాను.

"కొట్టు."

"కొడుతున్నా."

"ఇంకా కొట్టు. ఆ, చాలు."

ఏమీ లేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. సుబేదార్ సాబ్ గొంతుక్కూర్చుని నా మొహం వంకే చూస్తున్నారు. అప్పుడు రెండో లైనర్ అడుగున తడి మెరిసింది. చుక్క కట్టింది. ఉబ్బింది. టప్పున నా ముక్కు మీద పడింది.

"దొరికింది!" అని అరిచాను.

"సబ్ ఠీక్?" పైనుంచి డ్రైవర్.

"సబ్ ఖరాబ్, ఉస్తాద్! బ్రహ్మాండమైన ఖరాబ్!"

సుబేదార్ సాబ్ నన్ను కాళ్ళు పట్టి బయటికి లాగి కౌగలించుకున్నారు. డ్రైవర్ మాత్రం టైరుకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "అంటే ఇది ఆయిల్ ఇవ్వలేదన్నమాట," అన్నాడు. పాపం, చాలా బాధపడ్డాడు.

శనివారమంతా లైనర్లు లాగి రింగులు మార్చాం. ఆదివారం పొద్దున ట్యాంకర్ తగిలించి గ్రౌండ్ చుట్టూ తిప్పాం. కడ్డీ లాగాను. తుడిచాను. మళ్ళీ లాగాను. ఆయిల్ ఆయిల్‌లాగే ఉంది. మేజర్ సాబ్ ఔట్‌పాస్ మీద సంతకం పెట్టి, "ముందు స్నానం చెయ్," అన్నారు. కిరోసిన్, సర్ఫు, నిమ్మచెక్క అన్నీ వాడాను. గోళ్ళ అంచున నలుపు పోలేదు.

ద్వారక ఫ్లాట్‌లో సోఫా అంచున కూర్చున్నాను. టీపాయ్ మీద ఫోన్ నిలబెట్టాం. అందులో వీడియో కాల్లో అమ్మ.

"డ్యూటీ ఎక్కడ బాబూ, బోర్డరా?" అడిగారు అమ్మాయి తండ్రి.

"ట్రాక్టరండి."

ఆయన వంటింటి వైపు తిరిగి కాఫీ తెమ్మన్నారు. అమ్మాయి కాఫీ తెచ్చింది. ఫొటోలో కంటే బాగుంది. ఆ మాట మొహం మీద కనబడుతుందేమోనని తల దించి కప్పులోకి చూశాను. చిక్కగా, గోధుమరంగులో, పైన నురగ. నా చెయ్యి నన్ను అడగలేదు. చెంచా ముంచింది. కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టింది. ఒంచి, చుక్క ఎలా జారుతుందో చూసింది.

ఫోన్లో అమ్మ నుదురు కొట్టుకోవడం స్పష్టంగా వినిపించింది.

"క్యా చెక్ కర్ రహే హో?" అంది అమ్మాయి, ఏం పరీక్షిస్తున్నారని. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

అబద్ధం తట్టలేదు. "నీళ్ళు కలిశాయేమోనని."

"నీళ్ళా!" వాళ్ళమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "చిక్కటి పాలతో పెట్టాను బాబూ!"

మూడోదీ పోయింది అనుకున్నాను. ఎలాగూ పోయింది కదా అని మొత్తం చెప్పేశాను. గేటు, మగ్గు, ఆయిల్ ఇచ్చే ట్రాక్టర్, ముక్కు మీద చుక్క. వాళ్ళ నాన్న మొహం గంభీరంగానే ఉంది. అమ్మాయి మాత్రం ఎదురు కుర్చీలో కూర్చుని చివరిదాకా వింది.

"తో గేట్ కా క్యా హువా?" మరి గేటు సంగతేమైందని అడిగింది.

"నిన్న అసలు గ్రీజు పెట్టాం. ఇప్పుడు అరవడం లేదు."

ఆమె తండ్రి వైపు తిరిగింది. అటెన్షన్‌లో నిలబడినట్టు నిటారుగా కూర్చుని, "సబ్ ఠీక్ హై, పాపా," అంది.

సర్వీసు ముగించుకుని గిద్దలూరు వచ్చేశాం. చిన్న షెడ్డు పెట్టాను. ట్రాక్టర్ ఎవరు తెచ్చినా నీళ్ళు ఎంత ఉన్నాయని అడగను, ఎంత పోశావని అడుగుతాను. పొద్దున్నే నా ముందు కాఫీ గ్లాసు పెట్టి, ఇల్లు అదిరేట్టు "తేల్ పూరా! పానీ పూరా!" అని మా ఆవిడ రిపోర్ట్ ఇస్తుంది. పక్కింటివాళ్ళు అలవాటు పడిపోయారు.

మంచుకొండలు మసకబారాయి. జనరల్ సాబ్ మొహం గుర్తు లేదు. పోనిది ఒక్కటే. ద్వారక కిటికీ వెలుతురులో నేనెత్తిన చెంచా, దాని కొసన వేలాడుతున్న కాఫీ చుక్క, దాని వెనక, నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్న ఆమె.