గాలి పక్క అంచు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను చూస్తుంటే మా పాత ఆటగాళ్ళ గ్రూపులో సారు ఫోటో వచ్చింది. ఫోటోకు దండ. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఇంకాస్త కిందికి పోతే ఎవరో పుణ్యాత్ముడు పెద్ద వ్యాసమే రాసిపెట్టాడు. కర్నూలులో బాస్కెట్‌బాల్‌కు సారు ఎట్లా ప్రాణం పోశాడో, ఎండలో ఎట్లా నిలబడి నేర్పించాడో అంతా చెప్పి, చివర్లో ఆయన తయారుచేసిన ఆణిముత్యాల పేర్లు ఇచ్చాడు. మొదటి పేరు నాది. కాఫీ చల్లారింది, నేను కాగిపోయాను. "పోయిన మనిషి మీద ఇంకా కోపమేంది?" అన్నాడు మా ఆయన పేపరు దించకుండానే. పోయినాడు కాబట్టే కోపం. ఇంక తీర్చుకుందామంటే మనిషి లేడు.

నేను పగ పెట్టుకునే మనిషిని. చెప్పుకోడానికి నాకేమీ సిగ్గు లేదు. మా నాయన అట్లా కాదు, పొద్దున గట్టు తగాదా పడినవాడితోనే సాయంత్రం టీ తాగేవాడు. నాకు అమ్మ పోలిక వచ్చింది. తన పెండ్లి భోజనాల్లో మా పెద్దమ్మ తీపి ఓళిగ వడ్డిస్తూ తన విస్తరి దాటేసి పోయిందని అమ్మ నాకు ఊహ తెలిసిన నాటి నుంచి చెప్తూనే ఉండేది. చెప్పిన ప్రతిసారీ ఆ ఓళిగ కొంచెం పెద్దదయ్యేది. అటువంటి కడుపున పుట్టినదాన్ని.

మాది కోడుమూరు పక్కన పల్లె. వానను నమ్ముకున్న శనగ చేలు. ఎనిమిదో తరగతికి కర్నూలు హాస్టల్లో చేరేటప్పటికి నేను తోటి పిల్లలకన్నా జానెడు ఎత్తు ఉండేదాన్ని. ఆ ఎత్తు చూసే సారు నన్ను బాస్కెట్‌బాల్లో వేశాడు. తీరా పదో తరగతికి వచ్చేసరికి నేను ఆగిపోయాను, మిగతావాళ్ళు నన్ను దాటిపోయారు. రింగు కింద తోపులాటలో రెండుసార్లు పెదవి పగిలాక సారుకు విసుగొచ్చింది. "నువ్వు ఈడ పనికిరావు గానీ, ఆ దూరం పోయి నిలబడు పా" అన్నాడు. పోయి నిలబడ్డాను. ఎవరో బాల్ ఇచ్చారు. వేశాను, పడింది. ఇంకో అడుగు వెనక్కి పోయి వేశాను, అదీ పడింది. సారు నోట్లోని ఈల తీసి నన్ను కొత్తగా చూశాడు. ఆ తర్వాత ఇరవై ఏండ్లు నేను చేసిన పని అంతా అదే, దూరం పోయి నిలబడడం.

మా కోర్టు గురించి చెప్పాలి. సిమెంటు నేల, రెండు ఇనుప స్తంభాలు. దక్షిణం పక్క బోర్డును చెదలు తినేసింది కాబట్టి అందరమూ ఉత్తరం రింగుకే ఆడేవాళ్ళం. పైన కప్పు లేదు, చుట్టూ గోడ లేదు. ఆషాఢం వచ్చిందంటే సాయంత్రం నాలుగింటికి పడమటి నుంచి గాలి లేచేది. మా సీమ గాలి తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. ఆరేసిన దుప్పటి వీధి చివర దొరికేది, నోరు తెరిస్తే పండ్ల మధ్య ఇసుక కరకరలాడేది. దగ్గరి నుంచి వేసేవాళ్ళకు ఆ గాలితో ఇబ్బంది లేదు. దూరం నుంచి వేసినదాన్ని మాత్రం గాలి చేత్తో పట్టి పక్కకు జరిపినట్టే ఉండేది. దానికి సారే ఉపాయం చెప్పాడు. "గాలి ఉన్నప్పుడు రింగు నడుమ చూడొద్దు. గాలి వచ్చే పక్క అంచు చూసి వెయ్యి. మిగిలింది గాలి సూసుకుంటాది." ఎంత గాలికి అంచు నుంచి ఎంత జరగాలో రెండేండ్లు నేర్చుకున్నాను. చివరికి ఆలోచించే పనే లేకపోయింది, చెయ్యి దానంతటదే ఎడమకు పోయేది.

ఇంటర్ రెండో సంవత్సరంలో రాష్ట్ర జట్టుకు ఎంపికలు వచ్చాయి. హైదరాబాదులో ఇండోర్ హాలు. చెక్క నేల మీద అడుగు పెట్టడానికి భయపడి చెప్పులు బయటే వదిలాను, అందరూ నవ్వారు. తలుపులు మూసేసి ఉన్నాయి. గాలి అన్న మాటే లేదు. నన్ను దూరం గీత దగ్గర నిలబెట్టి ఇరవై బాల్స్ వేయమన్నారు. మొదటిది రింగు ఎడమ అంచుకు తగిలి బయటపడింది. రెండోదీ అంతే. మూడోదీ. పన్నెండోది వేసేటప్పటికి చేతులు చల్లబడి ఏడుపు వచ్చేస్తోంది. నా చెయ్యి లేని గాలికి లెక్క కడుతోందని నాకు తట్టలేదు. పదిహేడేండ్ల పిల్లకు తట్టదు. సారుకు తెలుసు. నాలుగు గజాల దూరంలో, ఎంపిక చేసేవాళ్ళ బల్ల పక్కనే కూర్చున్నాడు. "నేరుగా వెయ్యి" అన్న ఒక్క మాట చాలు. ఆయన గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నాడు. మా జిల్లా నుంచి ఒక్కరికే చోటుంది. నా తర్వాత లేచింది ఆయన బామ్మర్ది కూతురు. ఆ చోటు ఆమెకే వచ్చింది. మంచి పిల్లే, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు.

బయట కాచుకుని ఉన్న మా నాయనతో సారు, "పాప చెయ్యి మంచిదేనప్పా, కండ్లే సరిగా కనపడనట్టుండాది, సూపించు" అన్నాడు. నాయన అమాయకుడు, నిజంగానే కర్నూలు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు గోడ మీది అట్టలో అడుగు వరస దాకా నాతో చదివించి, దాని కింద అచ్చువేసినవాడి చిరునామా కూడా నేను చదివేసరికి నవ్వి పంపించాడు. మరుసటి రోజు తెల్లవారే నేనొక్కదాన్నే కోర్టుకు పోయాను. ఆకు కదలడం లేదు. బాల్ వేస్తే ఎడమకు పోయింది. సాయంత్రం గాలిలో వేశాను, నడుమ పడింది. అప్పుడు అర్థమైంది. సిమెంటు మీద కూలబడి చీకటి పడేదాకా సారును తిట్టాను. నాకు వచ్చిన తిట్లు అయిపోతే మా పల్లెలో విన్నవి గుర్తు తెచ్చుకుని మరీ తిట్టాను.

ఆ కోపమే నన్ను నడిపింది. రోజూ తెల్లవారుజామున గాలి లేనప్పుడు ఒకసారి, సాయంత్రం గాలిలో ఒకసారి వేసేదాన్ని. రింగులో సారు బట్టతల ఉందనుకుంటే గురి చక్కగా కుదిరేది. రెండేండ్ల తర్వాత బెంగళూరులో ఒక బ్యాంకు జట్టు నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది. మా అత్తకు నా ఉద్యోగం ఎన్నడూ అర్థం కాలేదు. "మూలన నిలబడి బాల్ ఇసిరేదానికి ఒక మనిషా?" అని వచ్చినవాళ్ళందరినీ అడిగేది. అవును, అంతే. మిగతా నలుగురు చెమటలు కక్కి నా కోసం జాగా చేస్తారు, నేను వేయాలి. పడితే అందరి గొప్ప, పోతే నా ఒక్కదాని తప్పు. ఆడించకుండా కూర్చోబెట్టినప్పుడు వేళ్ళు చల్లబడకుండా తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. గోళ్ళు రెండు రోజులకోసారి కత్తిరించేదాన్ని. పదిహేనేండ్లకు పైగా అట్లా గడిచింది. చివరికి ఆటవాళ్ళ పెద్దలు మూడు పాయింట్ల గీతను అర మీటరు వెనక్కి జరిపారు. తోటివాళ్ళు గోల పెట్టారు. నాకు నవ్వు వచ్చింది, నేను మొదటి నుంచీ ఆ గీత వెనకాలే ఉండేదాన్ని.

మోకాళ్ళు మొరాయించాక బ్యాంకు వాళ్ళను బతిమాలి మా ఆయన ఊరు రాజంపేటకు బదిలీ చేయించుకున్నాను. ఆ సంవత్సరమే కడప జిల్లా జట్టు తరఫున ఆడమని అడిగారు. పోటీలు కడపలోనే. హాలు కప్పు మరమ్మతులో ఉందని ఆటలన్నీ బయట కోర్టులో పెట్టారు. నెల ఆషాఢం. ఫైనల్లో మా ఎదురు జట్టు హైదరాబాదు అకాడమీది. వాళ్ళ కోచ్ ఎవరని అడగనక్కరలేదు, కర్నూలు వదిలి ఆ అకాడమీకి పోయిన మా సారే. తెల్ల టోపీ పెట్టుకుని, మడత కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆ పిల్లలంతా ఏసీ హాల్లో పెరిగినవాళ్ళు. షామియానా గుడ్డలు పటపటమంటుంటే బెదిరిపోయి చూస్తున్నారు. సగం ఆట అయ్యేటప్పటికి నేను మూడు పాయింట్లవి ఆరు వేశాను. వేసిన ప్రతిసారీ ఆ కుర్చీ వైపు చూశాను.

విరామంలో నీళ్ళ డ్రమ్ము దగ్గర మొహం కడుక్కుంటుంటే ఎదురు జట్టు పిల్ల ఒకటి వచ్చింది. వాళ్ళలో దూరం నుంచి వేసేది ఆమెనే. పదిహేడు, పద్దెనిమిదేండ్లు ఉంటాయి. "అక్కా, మాది బనగానపల్లె. పదేండ్లప్పుడే సారు అకాడమీకి తీసుకపోయినాడు. మీ మాదిరి వేయాలని నాకు శానా ఆశ. ఈడ నా బాల్ ఒక్కటీ పడలేదు. సారేమో గాలి పక్క అంచు చూసి వేయమంటాండాడు. రింగు ఇడిచిపెట్టి వేస్తే యాడన్నా పడతాదా? నిజమేనా అక్కా?"

నాకు ఒళ్ళంతా మండిపోయింది. నాలుగు గజాల దూరంలో కూర్చుని నాకు ఒక్క మాట చెప్పనివాడు, ఈ పిల్లకు కుర్చీలోంచి లేచి అరిచి మరీ చెప్తున్నాడు. ఆ పిల్ల చెయ్యి నేను మొదటి సగంలో చూశాను. అంత మంచి మణికట్టు నా జన్మలో రెండోది చూడలేదు, నాదానికన్నా మేలు. "ముసలాయన మాట ఇనద్దు" అన్నాను. "తప్పంతా నీ మణికట్టులో ఉండాది. శానా ఇదిలిస్తాండావు. ఇదిలించగాకు, అరచేత్తో నెట్టు. ఆటలో ఉన్నన్ని దినాలూ అట్లే వెయ్యి, మెల్లగా కుదురుతాది." ఆ పిల్ల రెండు చేతులూ జోడించి దండం పెట్టి పరుగెత్తింది.

బాల్‌ను అరచేత్తో నెడితే తిరగదు. తిరగని బాల్ గాలికి కాగితం ముక్కతో సమానం. రెండో సగంలో ఆ పిల్ల వేసినవి రింగుకు కూడా తగలలేదు. సారు లేచాడు, అరిచాడు, టోపీ తీసి నేలకు కొట్టాడు. నేను ఇంకో నాలుగు వేశాను. గెలిచాం. నా పెండ్లినాడు కూడా నాకు అంత సంతోషం కలగలేదు, మా ఆయన ఎదుటే ఈ మాట చెప్తాను. ఆ సంతోషం పది నిమిషాలు ఉంది. అప్పుడు సారు నేరుగా నా దగ్గరికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, పేపరువాళ్ళను పిలిచి, "ఈ పాపకు బాల్ పట్టుకునేది నేర్పించింది నేనేనప్పా! రాసుకోండి!" అన్నాడు. కండ్లలో నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. దొంగ ఏడుపు కాదు, అదే నాకు మరీ మంట.

గ్రూపులో ఆ ఫోటో వచ్చిన పదో రోజు కర్నూలులో సంతాప సభ పెట్టారు. నేను పోయాను. మైకు ఇస్తే ఆ హాలు సంగతి, గోళ్ళ సంగతి అందరిముందూ చెప్పేద్దామనే పోయాను, దాపరికం లేదు. ఆరుబయట కుర్చీలు. నా వంతు ఇంకా రాలేదు. పక్క కుర్చీలోకి ట్రాక్ సూటు వేసుకున్న ఒకామె వచ్చి కూర్చుని, "అక్కా, గుర్తుండానా? కడపలో, నీళ్ళ డ్రమ్ము దగ్గర" అంది. బనగానపల్లెలో ఒక బడిలో పీఈటీగా చేస్తోందట. ఆట ఎప్పుడు మానేశావని అడిగాను. "ఆ పోటీ అయినాక రెండేండ్లకక్కా. దూరం బాల్ మళ్ళా పడనేలేదు. సారు నా చెయ్యి మార్చాలని శానా పోరాడినాడు. నేను ఆయన మాట ఇనలేదు, మీ మాటే నమ్మినా. కుదిరేలోపల నన్ను తీసేసినారు. నాకే చేతకాలేదులే." నవ్వుతూనే చెప్పింది. "మా బడి పిల్లలకూ మీ మాటే చెప్తా. ఇదిలించద్దు, అరచేత్తో నెట్టండి అని. వాళ్ళకూ పడదు పాపం. ఏమి రాతనో."

వేదిక మీది నుంచి నా పేరు పిలిచారు. నేను లేవలేదు. ఆమె చెయ్యి పట్టుకుని మొత్తం చెప్పాను. హైదరాబాదు హాలు, ఇరవై బాల్స్, ఆరోజు నేను ఎందుకు అబద్ధం చెప్పానో, ఆమె మణికట్టు ఎంత మంచిదో అన్నీ చెప్పాను. సారు ఆమెకు చెప్పింది నిజమని చెప్పాను. నా పేరు మళ్ళీ ఒకసారి పిలిచి, తర్వాత ఇంకొకరిని పిలిచారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. చాలాసేపు ఆ చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "నేను మీకేం చేసినానక్కా?" అంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లేచి నిలబడి నా మొహాన్ని జాగ్రత్తగా, గుర్తుపెట్టుకోవలసిన దాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయింది. ఆ చూపుకు నేను కొత్తదాన్ని కాదు. నేను సారును ముప్పై ఏండ్లు అదే చూపుతో చూశాను. ఆయన ఎనభై ఏండ్లు బతికి హాయిగా పోయాడు, నాకు యాభై దగ్గర పడ్డాయి. ఆమెకింకా ముప్పై రెండే, ముందు బోలెడంత కాలముంది.