వదిన పెదాల మీద జోల

ఆ వీధిలో స్కూలు యూనిఫారాలన్నీ ఆమే కుట్టేది. వెలుతురు కోసం మిషను కిటికీకి ఎదురుగా వేసుకోవడంతో ఉయ్యాల ఆమె వీపు వెనక పడింది. ఐదు నెలల కొడుకుతో కబుర్లన్నీ కిటికీకేసి చూస్తూ చెప్పినవే. పాలివ్వడానికి ఒళ్లోకి తీసుకుంటే అలసటకి కళ్లు మూతలు పడేవి, మాట ఉండేది కాదు.

ఉయ్యాల దగ్గర కూర్చునేది భర్త అక్క. గొంతు జబ్బుకి ఆపరేషన్ చేస్తే మాట పోయింది. మరదలు జోల పాడుతుంటే ఆవిడ పిల్లాడి మీదికి వంగి, ఒక్క మాట తప్పకుండా పెదాలు కదిపేది.

ఒక మధ్యాహ్నం ఆమె కుట్టు ఆపి, ఉయ్యాల ముందుకొచ్చి, "ఏరా చిన్ని దొరా" అంది. పిల్లాడు ఆమెను చూడలేదు. ఆ గొంతు వినగానే మెడ తిప్పి వదిన మొహం చూసి నవ్వాడు.

సాయంత్రం ఆ మాట చెబితే భర్త నవ్వాడు. "గొంతు నీది, మొహం అక్కది. కుట్టేదానివి నువ్వేగా, కలిపి కుట్టుకో."

"మీకు వేళాకోళంగానే ఉంటుంది. మోసి కన్నది నేను."

"సరే, అక్క దగ్గర మాత్రం అనకు."

మర్నాడే అనేసింది. "వదినా, కొన్నాళ్లు మీ చిన్న తమ్ముడింట్లో ఉండి రండి. వాడు నాకు అలవాటు పడాలి." వదిన పిల్లాడి ఆరిన గుడ్డలు మడతపెట్టి, తన బట్టలు సంచిలో సర్దుకుంది.

వదిన వెళ్లాక ఆమె మిషనుని ఉయ్యాలవైపు తిప్పుకుంది. మొదట్లో ఆమె పాడినప్పుడల్లా పిల్లాడు గుమ్మంకేసి చూస్తూ వదినని వెతికేవాడు. కొన్నాళ్లకి ఆమె నోరే చూసి కిలకిల్లాడాడు. కోరుకున్నది అదే అయినా, ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు.

రెండు నెలలకి పిల్లాణ్ణి చంకనేసుకుని మరిదింటికి వెళ్లింది. "తప్పయిపోయింది వదినా, ఇంటికి రండి."

వదిన పిల్లాణ్ణి ఒళ్లోకి తీసుకుంది. కొత్త మనిషిని చూసినట్టు వాడు బిక్కమొహం వేశాడు. ఆమె గబగబా వదిన వెనక్కి వెళ్లి అదే జోల అందుకుంది. వదిన పెదాలు కదిపితే చాలు, వాడు గుర్తుపడతాడు.

వదిన పెదాలు బిగించుకుంది. పిల్లాడు ఆవిడ భుజం మీదుగా మెడ చాచి, తల్లిని కళ్లతో వెతికి పట్టుకున్నాడు.

"ఒక్కసారి కదపండి వదినా."

వదిన తల అడ్డంగా ఊపి, వాణ్ణి ఎత్తి ఆమె చేతికిచ్చింది. మళ్లీ ఇంటికి రమ్మనకుండానే ఆమె పిల్లాడితో తిరిగొచ్చింది.