కొల్లేటి నుంచి ఆరు ఓట్లు

ఏలూరు మెయిన్ బజారు దగ్గరి నెట్ సెంటర్లో కూర్చుని నేనా మెయిల్ చదువుతుంటే, పక్క క్యాబిన్‌లో ఒక కుటుంబమంతా ఇరుక్కుని ఎవరో పెళ్ళికొడుకు ఫొటో చూసి నవ్వుకుంటోంది. మధ్యలో ఉన్నది పల్చటి చెక్క గోడ. ఆ నవ్వు నా మీదేనేమో అనిపించింది. మెయిల్లో ఉన్నవి మూడే వాక్యాలు. మన ఎన్నికల్లో ఏడు ఓట్లు ఒకే చోటి నుంచి, అరగంటలోపే పడ్డాయి. ఆ చోటు ఏలూరు. దయచేసి వివరణ ఇవ్వగలరు. కింద "నమస్కారములతో" అని ఉంది. అంత మర్యాదగా రాసేవాళ్ళంటే నాకు ఆ రోజు నుంచీ దడే.

అవేం ఎన్నికలో చెప్పాలి. నేను ఒక ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచర్ని. రెండువేల ఏడో ఎనిమిదో, సరిగ్గా గుర్తులేదు, ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో కొంతమందిమి కలిసి వృత్తిపనులవాళ్ళ మాటలకి ఒక నిఘంటువు తయారుచేస్తుండేవాళ్ళం. జీతం లేదు, ఆఫీసు లేదు, ఒకరి మొహం ఒకరికి తెలియదు. నేనందులో చేరడానికి కారణం కోపం. కొరమేను అన్న మాటకి ఎవరో "ఒక రకము చేప" అని అర్థం రాసి ఊరుకున్నారు. జెల్ల దగ్గర చూస్తే అక్కడా "ఒక రకము చేప"! ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే పేరు నమోదు చేసుకున్నాను.

మా స్కూలు హాస్టల్లో ఉండి చదువుకున్న ఒక అమ్మాయిది కొల్లేరు మధ్యలో లంక ఊరు. ఆ పిల్ల తాతగారిని నేను బాబాయిగారు అనేదాన్ని. చర్చిలో ఆరాధన అవగానే పాత బస్టాండులో బస్సెక్కి, ఆఖర్న దిగి, గట్టు మీద అరగంట నడిచి వాళ్ళ ఊరు వెళ్ళేదాన్ని. వలలు బాగుచేసుకుంటూ నలుగురు ఆడవాళ్ళు, ఇంకొకాయన, బాబాయిగారు, ఆరుగురూ చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. చేపలు పట్టే మావు అల్లడానికి వాడే పుల్ల ఎలా ఉండాలి, కిక్కిస గడ్డి ఏ నెలలో కొయ్యాలి, ఇసుక దొందు చేప ఎక్కడ దాక్కుంటుంది. అందరికంటే ఎక్కువ మాటలు ఇచ్చింది బాబాయిగారు. ఏ గాలి వీస్తే చేప ఎటు తిరుగుతుందో చెప్పడానికి ఆయన దగ్గర ఇన్ని మాటలున్నాయి, నాకు ఒక్కటీ తెలియదు. తెలుగు ఎమ్మే చేశానని ఆయన ముందు చెప్పుకోవడం మానేశాను.

ఆ మాటలు నా పేరుతో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. ఆరుగురికీ వేర్వేరుగా ఖాతాలు తెరిచాను. పాస్‌వర్డులు నా నోటుబుక్కు అట్ట వెనక రాసుకున్నాను. ఎవరు చెప్పిన మాట వాళ్ళ ఖాతాలోకి వెళ్ళి టైపు చేసేదాన్ని. అచ్చు తీయించి ఇస్తే బాబాయిగారు వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ "ఇయ్యన్నీ నా మాటలండి, కంప్యూటర్లో ఉన్నాయండి" అని చూపించేవారు. ఆయనకి చదువు రాదు. కాయితం తలకిందులుగా పట్టుకున్నా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

సభ్యులు పెరిగాక, నడిపించడానికి అయిదుగురితో బోర్డు ఉండాలన్నారు. నాలుగు చోట్లకి పోటీ లేకుండా అయిపోయింది. అయిదో చోటుకి నేనూ, తణుకులో మందుల షాపున్న ఒకాయనా నిలబడ్డాం. ఓటు హక్కు ఒక్కో ఖాతాకి ఒక్కటి. నేను నిలబడ్డానని తెలిసి మా ఆయన పొద్దున్నే "ఎమ్మెల్యేగారూ, కాఫీ ఇప్పిస్తారాండీ?" అని మొదలుపెట్టేవారు. నాకు లోపల ఎంత ఆశ ఉందో ఆయనకి తెలియదు. ఇంట్లో, బళ్ళో, చర్చిలో నన్ను ఎవరూ దేనికీ ఎన్నుకోలేదు. ఆ కుర్చీ లేని పదవి నాకు కావాలి.

ఓట్లకి వారం గడువిచ్చారు. ఆదివారం లంక ఊరు వెళ్ళి ఒక్కొక్కరినీ అడిగాను. నలుగురు "మీకేనండి" అన్నారు. ఒకావిడ మాత్రం తలొంచుకుని, "ఏమనుకోకండి టీచరుగారండీ, ఆ తణుకాయన మా చేపలన్నిటికీ బొమ్మలెట్టారంట గదండీ, ఆయనకెయ్యండి" అంది. ఏమీ అనుకోలేదన్నాను. బాబాయిగారు ఊళ్ళో లేరు. కైకలూరు దగ్గర చుట్టాలింట్లో చావైతే వెళ్ళారు.

ఆయన కొడుకు సెల్ నంబరు నా దగ్గర ఉంది. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, అడగడానికి వీల్లేక అడగలేదని మీరనుకోకూడదు. గడువు ఆఖరి రోజు సాయంత్రం బళ్ళోంచి నేరుగా నెట్ సెంటర్‌కి వెళ్ళాను. నా ఓటు నాకు వేసుకున్నాను. నలుగురివి నాకు, ఆవిడది తణుకాయనకి, చెప్పింది చెప్పినట్టు వేశాను. ఆవిడ ఓటు వేసేటప్పుడు నా నిజాయితీకి నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలోనే బాబాయిగారి ఖాతా తెరిచి, నా పేరు ఎదురుగా నొక్కేశాను. ఆయన ఇంకెవరికి వేస్తారు, మనవరాలి టీచర్ని, కూతురులాంటిదాన్ని అనుకున్నాను. మా చర్చి కమిటీ ఎన్నికల్లో ఇంటిపెద్ద చెయ్యెత్తితే ఇంట్లోవాళ్ళంతా ఎత్తినట్టే లెక్క. మా అత్తగారు నాకు తెలిసి ఒక్కసారీ చెయ్యెత్తలేదు. అడిగితే "మీ మావయ్యగారు ఎత్తారు కదమ్మా" అనేవారు. అదేం పద్ధతని ఆవిడతో దెబ్బలాడినదాన్ని నేనే.

ఒక్క ఓటు తేడాతో గెలిచాను. మా ఆయన పూతరేకులు తెచ్చారు. మూడో రోజున ఎన్నికల అధికారి నుంచి ఆ మెయిల్ వచ్చింది.

ఆ సెంటర్లో పది కంప్యూటర్లున్నా ఇంటర్నెట్‌లో బయటికి కనబడే నంబరు ఒక్కటేనని నాకు అప్పటిదాకా తెలియదు. ఓటేసినవాళ్ళ జాబితాలో ఆ నంబరు చూసి అడిగింది తణుకాయనే. "అనుమానం కాదండీ, తెలుసుకుందామని" అని అధికారికి రాశారట. మా నియమాల్లో ఒకటుంది: మనిషి లేని దొంగ ఖాతా అని తేలితే ఆ ఖాతాని, దాంట్లో పెట్టిన మాటలన్నిటినీ తీసేస్తారు. అది చదువుకున్నాక నాకు అన్నం సయించలేదు. నా పరువు సంగతి అటుంచి, బాబాయిగారి మాటలు పోతాయి. ఆయన్ని అడక్కుండానే ఆయన ఓటు వేశానని తేలితే ఆ ఖాతా ఎవరిదంటారు? టైపు చేసింది నేను, పాస్‌వర్డు నాది, ఓటూ నాదే. అసలలాంటి మనిషే లేడంటే కాదనడానికి నా దగ్గర ఏముంది?

భయం ఎంత దూరమైనా పోతుంది. నెట్ సెంటర్ రిజిస్టర్లో నా సంతకం ఉంది, రేషన్ కార్డు జిరాక్సు ఉంది. పోలీసు జీపు బడి ముందు నుంచి వెళ్తే నా కోసమే అనుకునేదాన్ని. హెడ్మిస్ట్రెస్ గారు పిలుస్తున్నారని ఆయా వచ్చి చెబితే చేతిలో సుద్దముక్క జారిపోయింది. ఆవిడ పిలిచింది పదో తరగతి పేపర్ల గురించి. "ఎమ్మెల్యేగారూ" అని మా ఆయన అన్నప్పుడు కసిరేశాను. ఆయన బిత్తరపోయి చూశారు గాని ఏమైందని అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నేమో.

చివరికి తెగించి జవాబు రాశాను. వాళ్ళు నిజం మనుషులు, వాళ్ళనడిగే ఓట్లు నేను వేశాను, కావాలంటే వచ్చి చూసుకోండి అని. ఎవరొస్తారులే అని నా ధైర్యం. ఎన్నికల అధికారిది తాడేపల్లిగూడెం, రిటైరైన లెక్చరరు. "తప్పకుండా వస్తానమ్మా, ఆదివారం పాసింజరుకి" అని మర్నాడే రాశారు.

మా ఏలూరు పవర్‌పేట స్టేషన్లో దిగారు. చేతిలో గొడుగు, భుజానికి సంచి. మెత్తటి మనిషి. బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇచ్చి, దారి పొడుగునా చేపల చెరువులు చూస్తూ, "ఎంత బాగుందండీ" అంటూనే ఉన్నారు. బాబాయిగారికి ముందుగా ఫోన్ చేసి ఒక్కమాట చెబుదామని మూడు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. చెయ్యలేకపోయాను. చేస్తే అబద్ధం ఆడమని ఆయన్ని అడిగినట్టే కదా.

వాళ్ళ అరుగు మీద చాప వేశారు. లెక్చరరుగారు కూర్చుని సంచిలోంచి కాయితం తీశారు. అందరి ముందే అడిగారు.

"ఎవరికి వేశారో నాకు చెప్పకండమ్మా. టీచరుగారు మీ ఓటు వేసేముందు మిమ్మల్ని అడిగారా? అదొక్కటే చెప్పండి."

ఆడవాళ్ళు నలుగురూ అడిగారండి అన్నారు. తణుకాయనకి వేసినావిడ ఇంకాస్త గట్టిగా అంది. అయిదో ఆయన తలూపాడు. ప్రతి పేరు పక్కనా లెక్చరరుగారు టిక్కు పెడుతున్నారు. పరుగెత్తి ఆ గట్టు దిగి నీళ్ళలోకి వెళ్ళిపోదామనిపించింది.

"తమరండీ? మిమ్మల్ని అడిగారా?"

బాబాయిగారు నా వైపు చూశారు.

"అడిగారండి," అన్నారు.

"ఎప్పుడండీ?"

"ఆదోరం నాడండి. ఈళ్ళందర్నీ అడిగినప్పుడేనండి."

లెక్చరరుగారు టిక్కు పెట్టి కాయితం మడిచారు. "ఆ తణుకాయనకి నేను రాస్తానమ్మా, ఏమీ బెంగపెట్టుకోకండి" అన్నారు. మజ్జిగ ఇచ్చారు. తాగాం. గండం గడిచిందని నా ఒళ్ళంతా తేలికపడాలి. పడలేదు.

బస్సు దాకా సాగనంపుతానని బాబాయిగారు వచ్చారు. లెక్చరరుగారు పిట్టల్ని చూసుకుంటూ ముందు నడుస్తున్నారు.

"ఆ ఆదోరం నేను ఊళ్ళో లేనండి," అన్నారు బాబాయిగారు నెమ్మదిగా.

"తెలుసు బాబాయిగారూ. మరి అలా ఎందుకు చెప్పారండీ?"

"మీ మొకం సూశానండి. బాగా బయపడిపోతన్నారు. పాపమనిపించిందండి."

కాసేపు నడిచాం.

"ఇంతకీ ఎవరికేశారండీ నాది?"

"నాకే వేసుకున్నానండి."

ఆయన తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నారు. "అడుగుంటే మీకే ఏసేవోణ్ణండి," అన్నారు. "అడగలేదు." కోపం లేదు ఆ గొంతులో. ఉన్నా బాగుండేది. "ఎల్లొస్తానండి" అని అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. అంతకుముందెప్పుడూ నేను బస్సెక్కేదాకా ఉండేవారు.

నేను ముందుకి నడిచాను. లెక్చరరుగారు బస్సు కోసం నీడన నిలబడి ఉన్నారు.

"ఆరో ఆయన్ని నేను అడగలేదండీ. ఆయన ఓటు నేనే నాకు వేసేసుకున్నాను. నన్ను కాపాడదామని అలా చెప్పారాయన."

ఆయన నా వైపు తిరిగారు. "మాటలు మటుకు ఆయనవేనామ్మా?"

"ప్రతి మాటా ఆయనదేనండి."

"అయితే అవి ఉంటాయండి," అన్నారు. ఓటు సంగతి నోటితో అనలేకపోయారు. సంచిలోంచి కాయితం మళ్ళీ తీసి, మడత విప్పి, ఆరో టిక్కు మీద వేలు పెట్టి, జేబులు తడుముకున్నారు.

"పెన్నుందాండీ మీ దగ్గర?"

ఇచ్చాను.