సోమవారం తెరిచిన కుర్చీ

వర్డీ స్టిడమ్‌కి పొద్దున్నే ఒక నియమం ఉండేది. కాఫీ పెట్టుకోక ముందే నిన్నటి సంపాదనలో పావు వంతు తీసి ఒక ఖాళీ డబ్బాలో వేసేది. "ఇది నాది కాదు ప్రభువా, దీని మీద నాకు ఆశ పుట్టనీయకు" అని కళ్ళు మూసుకునేది. ఆ తరువాతే పొయ్యి వెలిగేది.

దెబ్బ తిన్నాక పట్టిన నియమం అది. తూర్పు కెంటకీ కొండల్లో లవోండా నడిపే బ్యూటీ పార్లర్‌లో వర్డీ చాలా ఏళ్ళు జీతానికి పనిచేసింది. పన్ను లవోండాయే జీతంలో కోసి కట్టేది. ఒకనాడు ఆమె, "ఇకమీదట నీ కుర్చీకి నువ్వే యజమానివి. నాకు అద్దె ఇయ్యి, మిగతాది నీది" అంది. వర్డీ ఆ మిగతాదంతా నిజంగానే తనదనుకుంది. ఏప్రిల్‌లో ఏడాది పన్నంతా ఒక్కసారి నెత్తిన పడేసరికి, చనిపోయిన భర్త ట్రక్కు అమ్మి కట్టింది. మళ్ళీ అలా అయితే అమ్మడానికి ఏమీ లేదు. కుర్చీ వదిలేసి కోళ్ళ ఫ్యాక్టరీకి పోవాల్సిందే. అందుకే ఈ ఏడు ఆ డబ్బా సొమ్ముతో నాలుగు వాయిదాల్లో ముందుగానే కట్టేయాలని పంతం పట్టింది; బుధవారం చర్చి ప్రార్థనలో తన పన్నుల కోసం కూడా ప్రార్థించమని పాస్టరుకు చెప్పుకుంది. మొదటిది ఏప్రిల్‌లో దర్జాగా కట్టింది.

రెండోది జూలైలో అనుకుంది, మూడు నెలలకొకటి కదా అని. ఆ ధీమాతోనే పక్కింటి పెద్దాయన బర్లిన్ బావి మోటారు కాలిపోతే డబ్బాలోంచి రెండు వందల డాలర్లు తీసి ఇచ్చింది. నెలాఖరుకు పింఛను రాగానే తీరుస్తానన్నాడు.

జూన్ పదిహేను సోమవారం, పార్లర్‌కి సెలవు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన జెల్లా అత్త ఉల్లికాడలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"వాయిదా పంపావా?"

"జూలైకి కదత్తా?"

"నీ తలకాయ! ఏప్రిల్ తరువాత జూన్, ఆపైన సెప్టెంబరు, జనవరి. సర్కారువాళ్ళు మనలా వేళ్ళు మడిచి లెక్కపెట్టరు అమ్మడూ. నాలుగున్నరలోపు కవరు మీద పోస్టు ముద్ర పడితే ఇవాళ కట్టినట్టే."

బర్లిన్‌కిచ్చిన రెండు వందలు డబ్బాలో తక్కువని వర్డీ చెప్పింది. సంగతి విని జెల్లా, "బర్లిన్‌ని అడుగు" అంది.

"దాహమైనవాడి చేతిలో చెంబు లాక్కోమంటావా?"

"పోనీ రేపు కట్టు. జరిమానా పెద్దదేం కాదు."

"నిరుడు కూడా ఏం కాదులే అనుకునే మునిగాను అత్తా."

జెల్లా ఫోను అందుకుని, ప్రతి శుక్రవారం వర్డీ దగ్గర జుట్టు చుట్టించుకునే ఆడవాళ్ళందరినీ పార్లర్‌కి పేరుపేరునా పిలిచింది. లవోండా తాళంచెవితో తానే వచ్చింది.

"సెలవునాడు కుర్చీ అద్దె ఎంత?" అంది వర్డీ బెరుగ్గా.

"నోర్మూసుకుని దువ్వెన పట్టు."

పిలిచిన పదిమందీ వచ్చారు. ఒకావిడ అద్దంలో చూసుకుంటూ, "ఇది ఆదివారం దాకా నిలుస్తుందంటావా?" అంది.

"కాకిగూడవుతుంది" అంది లవోండా.

"దేవుడు హృదయాన్ని చూస్తాడులే" అంది జెల్లా.

"దేవుడి సంగతి సరే, చర్చిలో వెనక బెంచీలో కూర్చునే ఐవీ చూస్తుందే!"

పార్లరంతా గొల్లుమంది. ఒక్కరూ చిల్లర వెనక్కి తీసుకోలేదు. నాలుగు దాటాక వర్డీ చేతులకు సబ్బు నురగతోనే పోస్టాఫీసుకు పరుగెత్తింది. మనియార్డరు తీసి, పన్ను వాయిదా చీటీతో కలిపి కవరులో పెట్టింది. గుమాస్తా ముద్ర కొట్టిన చప్పుడు ఆమెకు చర్చి గంటలా వినిపించింది.

బర్లిన్ మాట తప్పలేదు. సెప్టెంబరు, జనవరి వాయిదాలు గడువుకు ముందే వెళ్ళాయి. మళ్ళీ ఏప్రిల్ వచ్చి లెక్క తేలితే, కట్టాల్సింది సున్నా. జరిమానా కూడా సున్నా. వర్డీ ఆ కాగితం పట్టుకుని వంటింట్లో ఒక్కతే చప్పట్లు కొట్టింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టరు చెయ్యి పట్టుకుంది.

"బ్రదర్ ఈషమ్, ఒక సాయం చేసిపెట్టాలి."

"చెప్పమ్మా."

"బుధవారం ప్రార్థనలో నా పన్నుల మాట ఇక ఎత్తకండి. ఆ చోట మా పార్లర్‌లో జీతానికి చేసే డ్రీమా పేరు చదవండి. ఆ పిల్ల ఎల్లుండి నుంచి సొంతంగా పని మొదలుపెడుతోంది, వాయిదాల సంగతి చెబితే నవ్వుతోంది."