తొక్కకు జరుగుతున్న అన్యాయం

ఏవిస్ ట్రిఫిట్ ఎదుట ఎవరూ యాపిల్ తొక్క తీయకూడదు. మా హ్యూన్ లోయలో పాలుతాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. తీస్తే, పెళ్ళి విందయినా సరే, చావింటి టీ అయినా సరే, చివాట్లు తప్పవు. ఒకసారి పాస్టరు గారి భార్య చర్చి హాల్లో 'పై' అనే తీపి వంటకం చేయడానికి నలభై పండ్లు ఒలిచి పెట్టుకుంది. ఏవిస్ ఆ తొక్కల కుప్ప ముందుకు వచ్చి, శవయాత్ర ఎదురైనట్టు టోపీ తీసి నిలబడింది.

"ఎవరు చేశారీ పని?"

"నేనే ఏవిస్. పై కోసం..."

"పై కోసమా! పాలు పారబోసి గిన్నె నాకుతారా తల్లీ ఎవరైనా?"

ఆ కోపానికి కారణం లేకపోలేదు. ముప్ఫై రెండేళ్ళు ఆమె ప్రభుత్వ పండ్ల ప్రయోగశాలలో పనిచేసింది. తొక్కను సన్నగా తీసి, నలిపి, సారం తీసి, అందులో పండును ఎండనుంచి కాపాడే ఫ్లేవొనాల్స్ అనే పదార్థాలు ఎంతున్నాయో కొలవడమే ఆమె ఉద్యోగం. అవి గుజ్జులో నామమాత్రం. ఉన్నదంతా తొక్కలోనే.

"చెట్టు నీకంటే తెలివైంది. ఎండ పైనుంచి కాలుస్తుంది కాబట్టి గొడుగు పైనే వేసుకుంది. ఎండ తగిలిన బుగ్గన ఎక్కువ, నీడనున్న బుగ్గన తక్కువ. ఆ గొడుగు పీకి పందులకు వేస్తారా!" అనేది.

అలాగని తొక్కను ఎవరైనా అతిగా పొగిడినా ఊరుకునేది కాదు. నేను నడిపిన లైబ్రరీలో ఆరోగ్యం పుస్తకాల అంచులన్నీ ఆమె పెన్సిలు రాతలతో నిండిపోయాయి. 'సకల రోగాలూ పోతాయి' అన్నచోట 'ఎవడు చూశాడు?' అని ఉండేది. 'గుండెకు మేలు చేయవచ్చు' అన్నచోట మాత్రం 'వచ్చు' కింద రెండు గీతలు. అపరాధ రుసుం అడిగితే ఆ పుస్తకం రాసినవాణ్ణి అడగమంది.

మందుల షాపు కాలిన్ పాపం, ఒకనాడు కొత్త సీసాలు తెచ్చి బల్లమీద పేర్చుకున్నాడు.

"ఏంటివి?"

"క్వెర్సెటిన్ మాత్రలండీ. యాపిల్లో ఉండేదే."

"యాపిల్లో ఎక్కడ?"

కాలిన్ నేల చూపులు చూశాడు. "తొక్కలో."

"తొక్క చెత్తబుట్టలో పడేసి, అదే వచ్చి నీ దగ్గర సీసాలో కొనుక్కుంటారన్నమాట! ఈ ఊరికి మతి ఉందా కాలిన్?"

"నన్నడుగుతారేంటండీ, నేను అమ్ముకునేవాణ్ణి!"

ఇన్ని కోపాలూ ఒక ఎత్తు, బెరిల్ గ్రిగ్స్ ఒక ఎత్తు. మా యాపిల్ పండగలో తెగకుండా పొడవాటి తొక్క తీసే పోటీ ఉంటుంది. పదకొండేళ్ళు వరసగా కప్పు బెరిల్‌దే. పదకొండేళ్ళూ మొదటి వరసలో ఏవిస్ 'ఇది హత్య' అని అట్ట పట్టుకుని కూర్చుంది.

"నాకంటే పొడుగొచ్చింది, చూశావుటే ఏవిస్?"

"చూశాను, హంతకురాలా!"

పోయిన శీతాకాలం బెరిల్‌కు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మింగడం కష్టమైంది. వృద్ధాశ్రమంలో ఏది పెట్టినా మొహం తిప్పేసుకునేది. ఇంకో పదిహేను రోజుల్లో బరువు పెరగకపోతే ముక్కులో గొట్టం వేయక తప్పదని నర్సు నాతో అంది. మంగళవారాలు నేనక్కడికి పుస్తకాలు పట్టుకెళ్తాను. ఆ వారం బెరిల్ గదిలోంచి కేకలు వినిపించాయి.

"తెగింది! మళ్ళీ తెగింది! చాకు పట్టుకున్నావా, పార పట్టుకున్నావా?"

మాట ముద్దగా వస్తోంది గాని తిట్టు స్పష్టంగానే ఉంది.

"నోర్మూసుకుని తిను."

"తింటాలే. ఇంకోటి తియ్యి. ఒక్కటైనా తెగకుండా తీసేదాకా నిన్ను కదలనివ్వను!"

తొంగిచూశాను. ఏవిస్ ట్రిఫిట్ యాపిల్ తొక్క తీస్తోంది! నేను చూస్తుండగా రెండు పండ్లకూ మూడో చుట్టు దగ్గరే తొక్క తెగింది. తీసిన పండును చెంచాతో మెత్తగా గీరి బెరిల్ నోట్లో పెడుతోంది. బెరిల్ కళ్ళెర్రజేసి, కోపంకొద్దీ మింగుతోంది.

నాకూ ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళు మా అందరినీ తిట్టి, ఇప్పుడిదా? వరండాలో పట్టుకుని నిలదీశాను.

"ఏవిస్, నువ్వేనా!"

"తొక్క ఆవిడ గొంతుకు అడ్డం పడుతుందిట. మనిషుంటే కదా తొక్క సంగతి."

"సరే. కాగితమంత పల్చగా తొక్క తీసి జీతం తెచ్చుకున్నదానివి. అది ప్రతిసారీ మూడో చుట్టు దగ్గరే ఎలా తెగుతుంది?"

ఏవిస్ తలుపు వైపు చూసింది. ఆమె గొంతు తగ్గించడం నేనెప్పుడూ వినలేదు.

"మొదటిరోజు తెగకుండానే తీశాను. భేష్ అంది, సగం తిని గోడవైపు తిరిగి పడుకుంది. రెండోరోజు పొరపాటున తెగింది. నన్ను తిట్టడానికి లేచి కూర్చుందయ్యా! తిడుతూ తిడుతూ రెండు పండ్లు తినేసింది."

"ఏమే, పారిపోయావా?" లోపలినుంచి బెరిల్.

"వస్తున్నానే!"

గొట్టం మాట నర్సు మళ్ళీ ఎత్తలేదు. ఆ రోజు నేను మెట్లు దిగి గేటు దాకా వచ్చానో లేదో, "తెగిందీ!" అన్న కేక వినిపించింది. అవతలి రోడ్డు మీద నడుస్తున్న మనిషి కూడా ఆగి వెనక్కి చూశాడు.